హీటర్ పోయింది

ఆ రోజు కనామె వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి విన్నపం నలభై ప్రతులు ప్రింటు తీయాలి. పదింటికల్లా వాటిని రేవులో పంచి సంతకాలు పెట్టించాలి. రెండింటికి హెడ్డాఫీసు నుంచి కుసాకబె గారు వచ్చేసరికి టీ సిద్ధంగా ఉంచాలి. జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైదో దీవి ఫిబ్రవరి గాలి బయట ఈలలు వేస్తున్నా, మత్స్యకారుల సహకార సంఘం బ్రాంచి ఆఫీసులో గోడ హీటరు హాయిగా పనిచేస్తూనే ఉంది.

రోజుకు ముగ్గురు కూడా గడప తొక్కని ఈ బ్రాంచిని పక్క ఊరి బ్రాంచిలో కలిపేయాలని హెడ్డాఫీసు ఆలోచన. కలిపితే మేనేజర్ బాందో గడువుకు ముందే ఇంటిదారి పట్టాలి. గుమాస్తా కనామె రోజూ మంచులో యాభై కిలోమీటర్లు కారు నడపాలి. అందుకే ఆమె మూడు రోజులు కూర్చుని ఆ విన్నపం రాసింది. నలుగురిలో నోరు విప్పమంటే ఆమెకు ముచ్చెమటలు పోస్తాయి. కాగితం మీదైతే మాత్రం ఎంతటివాళ్ళనైనా నిలదీస్తుంది.

ప్రతులన్నీ చకచకా బయటికొచ్చాయి. మొదటిదాన్ని చేతిలోకి తీసుకున్న బాందో, "కనామె గారూ, 'శాశ్వతంగా' అన్న మాట నా బొటనవేలికి వచ్చేసిందండీ" అన్నాడు.

కనామె పట్టి చూసింది. రొట్టెలా వెచ్చగా రావాల్సిన కాగితం చేపలా చల్లగా ఉంది. కాగితం మీద పడ్డ నల్లపొడిని కరిగించి అతికించేది లోపలి వేడి రోలరు. అది కాగకపోతే అక్షరాలు పౌడరు రాసినట్టు పైపైనే ఉండిపోతాయి. ఈలోగా ప్రింటరు కూడా ఆ సంగతి గ్రహించి, ఎర్ర దీపం వెలిగించి మొండికేసింది.

కనామె ప్రింటరుతో వచ్చిన పుస్తకంలో చెప్పినట్టే అన్నీ చేసింది. ఆపి అరగంట చల్లారనిచ్చింది. ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి తీసి నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టింది. వెనక మూత తెరిచి కాగితం ఇరుక్కుందేమో చూసింది. చివరికి మెకానిక్కుకు ఫోన్ చేస్తే, ఆన్ చేయగానే సందులోంచి నారింజరంగు వెలుగు కనిపిస్తోందా అని అడిగాడు. కనిపించడం లేదంది. అయితే రోలరును కాచే హీటరు దీపమైనా పోయి ఉంటుంది, దాన్ని కాపాడే ఫ్యూజైనా పోయి ఉంటుంది, ఏదైనా ఆ భాగం మొత్తం మార్చాల్సిందే అని తేల్చాడు. దారి మంచుతో మూసుకుపోయింది కనుక గురువారం వస్తానని, అందాకా లోపల చేయి పెట్టొద్దని చెప్పి పెట్టేశాడు.

అప్పుడు బాందోకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. పడవలకు వాతావరణం చెప్పే మైకు అందుకుని, ఆఫీసు ప్రింటరులో హీటరు పోయిందని, సాయం చేయగలిగినవాళ్ళు వెంటనే రావాలని రేవంతా వినబడేలా చెప్పాడు. 'ప్రింటరులో' అన్న ఒక్క మాటనే గాలి ఎత్తుకుపోయింది.

పావుగంటలో తోమి అవ్వ వచ్చింది. స్క్విడ్ చేపలు ఎండబెట్టడంలో యాభై ఏళ్ళు గడిపిన మనిషి. వీపున బొంత, చేతిలో వేడినీళ్ళ సంచి. కనామె అసలు సంగతి చెప్పబోయేలోపే అవ్వ ఆమెను బొంతలో చుట్టేసింది. వెనకే పడవ యజమాని హమాయా కిరోసిన్ పొయ్యి మోసుకొచ్చాడు. ఆ వెనక మరో రెండు పొయ్యిలు, ఒక ఎలక్ట్రిక్ తివాచీ, ఆవిర్లు కక్కుతున్న పీతల చారు గిన్నె. పోయింది ప్రింటరు హీటరని కనామె ఒక్కొక్కరికీ చెప్పింది. ఇంతదూరం మోసుకొచ్చాక వెలిగించకుండా ఎలా పోతామని ఒక్కొక్కరూ వెలిగించారు.

తోమి అవ్వ మాత్రం కాగితాన్ని తిప్పి చూసి, "వేడి తగిలితే అతుక్కుంటుందా? దీనికింత గోలెందుకమ్మాయ్, ఇస్త్రీ పెట్టె తెప్పించు" అంది.

తెప్పించారు. మొదటి కాగితం మీద అక్షరాలు అతుక్కున్నాయి కానీ, ఇస్త్రీ పెట్టె ఆకారం కూడా గోధుమరంగులో అతుక్కుంది. రెండోదానికి కనామె పైన పల్చటి గుడ్డ వేసి, సగం దాకా చక్కగా రుద్దింది. అదే క్షణంలో హమాయా తివాచీ ప్లగ్గు పెట్టాడు. ఆఫీసు మొత్తానికి కరెంటు పోయింది.

గోడ హీటరు ఆగిపోయిందని ఎవరూ గమనించలేదు. మధ్యాహ్నానికి లోపల మూడు కిరోసిన్ పొయ్యిలు, ముప్పై అయిదుమంది మనుషులు చేరారు. కోట్లు విప్పారు, స్వెట్టర్లు విప్పారు, చారు పంచుకున్నారు. కుసాకబె తలుపు తెరిచేసరికి బనీన్లలో ఉన్న జనం చెమటలు కక్కుతూ కనిపించారు. రోజుకు ముగ్గురే వస్తారని రాసి ఉన్న ఫైలు ఆయన చంకలో ఉంది.

కంగారులో బాందో ఇస్త్రీ కాని కట్టలోంచి ఒక ప్రతి తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన నుదుటి చెమట తుడుచుకున్నాడు, కాగితం పట్టుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. విన్నపంలో సగం ఆయన నుదుటి మీదికి ఎక్కింది. మిగతా సగం కాగితం మీద మబ్బులా పరుచుకుంది.

"ఇందులో ఏముందండీ?" అని అడిగాడాయన.

అందరూ కనామె వైపు తిరిగారు. బొంత ఇంకా ఆమె భుజాల మీదే ఉంది. రాసిన మొదటి వాక్యం చెప్పబోతే గుర్తురాలేదు. తోచింది చెప్పింది.

"హీటర్ పోయిందని ఇందాక మైకులో చెప్పామండీ. వీళ్ళంతా వచ్చేశారు. పక్క ఊళ్ళో మాకెవరూ తెలియదు. ఇంకేం లేదండీ."

తోమి అవ్వకు అసలు సంగతి పూర్తిగా తెలుసు. అయినా కుసాకబె చేతికి చారు గిన్నె అందిస్తూ, "ఈ పిల్ల చలికి గడ్డకట్టుకుపోతోంది బాబూ. మేం రాకపోతే ఏమయ్యేదో" అంది. సరిదిద్దబోయిన కనామె కాలిని బాందో మెల్లగా తొక్కాడు. కుసాకబె రెండు గిన్నెలు తాగి, ముఖం కడుక్కుని, ఏమీ రాసుకోకుండానే వెళ్ళిపోయాడు.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. సభ్యుల ఆదరణ దృష్ట్యా బ్రాంచి కొనసాగుతుందట. సిబ్బంది చలికి పడుతున్న అవస్థ గమనించి, గోడ హీటరు మార్చడానికి ప్రత్యేక అనుమతి కూడా ఇచ్చారట. మర్నాడే ఇద్దరు మనుషులు వచ్చి, బాగున్న హీటరు పీకేసి దానికి రెండింతలది బిగించి వెళ్ళారు. మెకానిక్కు మాత్రం ప్రింటరు భాగం తెప్పించాలంటే పైనుంచి అనుమతి కావాలన్నాడు.

కనామె మనసు ఊరుకోక కుసాకబెకు ఫోన్ చేసి, ఆ రోజు పోయింది ప్రింటరు హీటరేనని ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన, దాని దరఖాస్తు వేరే ఉంటుందని, చేతిరాతవి తీసుకోరు కనుక ప్రింటు తీసి పంపమని చెప్పాడు.