దినాం ఆరింటికి

గురువారం పొద్దున కాఫీ గ్లాసు కింద పెడుతూ కమలాకుమారి, "సరే, చూపించుకుంటాను" అంది. నెల రోజులుగా ఆ మాట కోసం బతిమాలుతున్న భర్త శ్రీరామమూర్తిగారు తన చెవులను తానే నమ్మలేదు. ఆ చెవులను నమ్మకపోవడం మంచి అలవాటే. ఆ అలవాటు ఇంకో అరగంట నిలిచి ఉంటే ఈ కథే లేదు.

"కానీ రాఘవేంద్రగారికే. ఇంకో డాక్టరు పేరెత్తారంటే రాను. అదీ శ్రావణమాసం వెళ్ళాక. వ్రతం ముందు పెట్టుకుని సూదులూ మందులూ నావల్ల కాదు."

చిక్కడపల్లిలో వాళ్ళ వాటా రెండో అంతస్తులో ఉంది. కూరలు తెచ్చుకుని మెట్లెక్కేటప్పుడు కమలాకుమారి ఈమధ్య ప్రతి మలుపులోనూ ఆగుతోంది. ఎవరైనా చూస్తే చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నట్టు నటిస్తుంది. ఆ కుచ్చిళ్ళకు అంత సర్దుబాటు అక్కర్లేదని శ్రీరామమూర్తిగారికి తెలుసు. ఆవిడ లేని ఇల్లు ఎలా ఉంటుందన్న ఆలోచన తలుపు దాకా వస్తే, టీవీ గట్టిగా పెట్టి దాన్ని వెనక్కి పంపేవారు. అందుకే, ఆవిడ మనసు మారకముందే పేరు రాయించేద్దామని ఫోను పట్టుకుని బాల్కనీలోకి నడిచారు.

ఆయన గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. విద్యుత్తు శాఖలో ఫిర్యాదుల విభాగంలో పని చేసి రిటైరయ్యారు. జనం ఫిర్యాదు సగం చెప్పేసరికే మిగతా సగం తానే పూర్తి చేసి, జవాబు కూడా ఇచ్చేసేవారు. ఆ అలవాటు ఉద్యోగంతో పాటు రిటైర్ కాలేదు. దానికి తోడు రెండేళ్ళుగా ఎడమ చెవి సగమే పనిచేస్తోంది. తన చెవికేమీ కాలేదనీ, ఈ కాలం వాళ్ళు నోరు తెరిచి మాట్లాడటం మానేశారనీ ఆయన వాదన. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న వంశం ఆయనది.

నారాయణగూడలో రాఘవేంద్రగారి క్లినిక్‌లో పేర్లు రాసే రోజా, పగలంతా అశోక్ నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటుంది. క్లినిక్ ఫోను కూడా తన దగ్గరే ఉంచుకుంటుంది. ఆ సమయానికి స్టడీ హాల్లో కూర్చుని ఉంది. అక్కడ గట్టిగా దగ్గినా చుట్టుపక్కలవాళ్ళు తలెత్తి చూస్తారు. అందుకని నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని, గొంతు బాగా తగ్గించి మాట్లాడింది. ఆ తగ్గిన గొంతు వినగానే శ్రీరామమూర్తిగారికి ఏదో కీడు తోచింది.

"అమ్మా, డాక్టరుగారు..."

"సార్ ఇగ లేడంకుల్, పొద్దుగాల."

ఆ 'పొద్దుగాల' అన్న మాట, కింద వీధి మలుపు తిరుగుతున్న బస్సు హారన్‌లో కలిసిపోయింది. ఆయన చేయి పిట్టగోడను పట్టుకుంది.

"ఎప్పుడమ్మా?"

"సోమవారం సంది. ఏజ్ అయింది గద. పొద్దుగాల లేస్తలేడు."

"అయ్యో. నిద్రలోనేనా?"

"ఆఁ, ఎనిమిదైనా నిద్రలనే ఉంటుండంట. ఇగ దినాం ఆరింటికే. మీరు గప్పుడు రాండ్రి. అందరు సాయంత్రమే వస్తున్నరు."

రోజా ఊళ్ళో దినాం అంటే రోజూ. శ్రీరామమూర్తిగారి ఊళ్ళో దినం అంటే ఒక్క రోజే, అదీ మనిషి పోయాక. ఇంతకాలం హైదరాబాదులో ఉన్న మనిషికి ఆ తేడా తెలియదని కాదు. కానీ ఆ దీర్ఘమూ, 'నిద్రలనే' తరవాతి మాటా ఆయన దాకా రాలేదు.

"పేరు రాయాల్నా అంకుల్?"

"రాయి తల్లీ. మేమిద్దరం వస్తాం."

"ఇంకెవరన్న ఉంటే జల్ది చెప్పుండ్రి. టోకెన్లు అయిపోతయి."

భోజనాలకు టోకెన్లు పెట్టారంటే పెద్ద ఎత్తునే చేస్తున్నారనుకుని ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

లోపలికి వచ్చి కమలాకుమారికి చెప్పారు. వాళ్ళమ్మాయి నిహారికకు చిన్నప్పుడు టైఫాయిడ్ వస్తే, రాఘవేంద్రగారు పొద్దునొకసారి సాయంత్రమొకసారి నడిచి వచ్చి చూసి వెళ్ళేవారు. ఆ పిల్ల మందు మింగనంటే తానూ ఒక చెంచా మింగి చూపించేవారు.

"సాయంత్రం ఆరింటికి దినమేమిటండీ?" అంది కమలాకుమారి.

"పగలు పెట్టేది ఊళ్ళో. ఇక్కడ ఆఫీసులవాళ్ళు రావద్దూ?"

"సోమవారం పోతే గురువారానికే?"

"ఇప్పుడన్నీ త్వరగానే చేసేస్తున్నారు కమలా."

ఆవిడ అడిగే ప్రశ్నలన్నీ సరైనవే. ఈయన దగ్గర జవాబులు సిద్ధంగా ఉండటమే ఆ ఇంటికి పట్టిన శని. రేపు వరలక్ష్మీ వ్రతం కదా, నువ్వు రాకపోయినా ఎవరూ ఏమనుకోరని ఆయనే అన్నారు.

"వ్రతానికి ఇంకో శుక్రవారం ఉంది. ఆయనకు లేదుగా," అంది కమలాకుమారి. కొంచెం ఆగి, "ఇక నేనెవరికీ చూపించుకోను. ఆ మాట మళ్ళీ ఎత్తకండి" అంది.

ఒకే పొద్దున ఒక డాక్టరు పోయాడు, డాక్టరుకు చూపించుకుంటానన్న మాటా పోయింది.

తెల్లపంచె ఇస్త్రీకి ఇవ్వడానికి కిందికి దిగితే, బండి దగ్గర ఉప్పలయ్య అడిగాడు. "ఎటు సార్, పంచె బయటికి తీసిన్రు?"

"రాఘవేంద్రగారు పోయారయ్యా. సాయంత్రం దినం."

ఉప్పలయ్య చేతిలోని ఇస్త్రీపెట్టె అక్కడే ఆగిపోయింది. అది మూడో అంతస్తు ప్రభావతిగారి అబ్బాయి చొక్కా మీద ఆగింది. పొగ వచ్చేదాకా ఇద్దరూ చూసుకోలేదు.

కాలిన చొక్కా గురించి అడగడానికి దిగిన ప్రభావతిగారు, సంగతి విని చొక్కా మాట మరిచిపోయి, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. ఉప్పలయ్య ముషీరాబాద్‌లో బావమరిదికి చెప్పాడు. బావమరిది బర్కత్‌పురలో తెలిసినవాళ్ళకు చెప్పాడు. మధ్యాహ్నం భోజనం వేళకు లోయర్ ట్యాంక్ బండ్ నుంచి ఎవరో శ్రీరామమూర్తిగారికే ఫోను చేసి, డాక్టరుగారు ఒక రోగికి మందు రాస్తూ రాస్తూ ప్రాణం వదిలారట, మీకు తెలుసా అన్నాడు. తాను పుట్టించిన వార్తే అంత పెరిగి ఇంటికి వస్తే ఆయన గుర్తుపట్టలేదు. ఎంత గొప్ప చావని పొంగిపోయి మరో పదిమందికి చెప్పారు.

ఎందుకైనా మంచిదని డాక్టరుగారి సొంత నంబరుకు ఒకసారి చేశారు కూడా. స్విచాఫ్ అని వచ్చింది. పెద్దాయన మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు ఫోను ఆపేస్తారని ఆయనకేం తెలుసు?

అటు టోకెన్ల కోసం రోజా ఫోను మోగుతూనే ఉంది. "సాయంత్రం ఆరింటికి మేమూ వస్తున్నాం, మా ఇంట్లో నలుగురు" అంటారు ఒకరు. "మా ఫ్లోరంతా వస్తున్నం" అంటారు ఇంకొకరు. టైము మారిస్తే ఇంత గిరాకీ వస్తదని తెల్వకపాయె అనుకుంటూ ఆ పిల్ల అందరి పేర్లూ రాసుకుంది. కూర్చోవడానికి చోటు చాలదని టెంట్ హౌస్‌కు చెప్పి కుర్చీలు తెప్పించింది. సాయంత్రం జనం వచ్చేసరికి క్లినిక్ ముందు వరసగా తెల్లకుర్చీలు కనిపించాయి. ఇంకా ఎవరికైనా అనుమానం మిగిలి ఉంటే అక్కడితో తీరిపోయింది.

రోజా పైన టోకెన్లు సర్దుకుంటుండగా, మెట్ల మొదట్లో ఉప్పలయ్య బ్యానర్ కట్టించాడు. డాక్టరుగారి ఫొటో ఎవరి దగ్గరా లేకపోతే, ప్రభావతిగారు తమ అబ్బాయి పెళ్ళి ఆల్బమ్‌లోంచి ఒకటి తీసిచ్చారు. అందులో ఆయన బుగ్గన లడ్డూ ఉంది. 'మీ చేతి చలవ మరువలేము' అన్న అక్షరాల పక్కన ఆ బుగ్గ నిండుగా కనిపిస్తోంది.

క్లినిక్ మొదటి అంతస్తులో ఉంది. పైన దీపం పెట్టి ఉంటారు, దండం పెట్టుకుని వస్తానని కమలాకుమారి మెట్లెక్కింది. సగం దూరం వెళ్ళి గోడ పట్టుకుంది. ఈసారి కుచ్చిళ్ళు సర్దుకోలేదు. మెల్లగా మెట్టు మీద కూర్చుండిపోయింది. శ్రీరామమూర్తిగారు పరుగున వెళ్ళి పక్కన కూర్చుని చేయి పట్టుకున్నారు. చేయి చల్లగా ఉంది. "నీళ్ళు, ఎవరైనా నీళ్ళు" అంటున్నారు గానీ ఆయన గొంతు ఆయనకే వినబడలేదు. డాక్టరు దినానికి వచ్చి డాక్టరు కోసం ఎక్కడ వెతకాలి?

సరిగ్గా అప్పుడే కింద ఆటో ఆగింది. దిగిన పెద్దమనిషి బ్యానర్ ముందు నిలబడి, కళ్ళజోడు పైకి నెట్టుకుని చదవసాగాడు.

"జర పక్కకు జరుగుండ్రి పెద్దాయనా. దండ వెయ్యాలె," అన్నాడు ఉప్పలయ్య వెనకనుంచి.

పెద్దాయన జరిగాడు. ఉప్పలయ్య దండ ఎత్తాడు. ఫొటో వైపు చూశాడు, పక్కకు జరిగిన మనిషి వైపు చూశాడు. దండ చేతిలోనే ఉండిపోయింది.

రాఘవేంద్రగారు అప్పటికే మెట్ల మీది గుంపును చూశారు. దారి అడగాల్సిన పని లేకుండా జనం రెండు పక్కలకూ అతుక్కుపోయారు. ఆయన కమలాకుమారి ముందు మెట్టు మీదే కూర్చుని మణికట్టు పట్టుకున్నారు.

"ఎన్నాళ్ళనుంచి ఈ ఆయాసం?"

కమలాకుమారి కళ్ళు తెరిచి చూసింది. "మీరు పోయారన్నారు," అంది.

"తరవాత పోతాను. ముందు నాలుక చూపించండి."

నాలుక చూశారు, కింది రెప్ప లాగి చూశారు, పాదాల మీద వేలితో నొక్కి చూశారు. తరవాత పైకి తీసుకెళ్ళి మంచం మీద పడుకోబెట్టించి, తెలిసిన ఆసుపత్రికి ఫోను చేశారు. "రక్తం బాగా తగ్గిపోయింది మూర్తిగారూ. ఆ కాస్త రక్తంతోనే గుండె ఇన్నాళ్ళూ లాక్కొచ్చింది. ఇవాళే చేర్పించాలి. నేనూ వస్తాను. భయం లేదు, టైముకు తెచ్చారు."

"శ్రావణం వెళ్ళాక తెద్దామనుకున్నామండీ."

డాక్టరుగారు కిటికీలోంచి కిందికి, ఉప్పలయ్య చేతిలోని దండ వైపు చూశారు. "అప్పటిదాకా ఆగి ఉంటే ఆ దండ వృథా పోయేది కాదు," అన్నారు ఆవిడకు వినబడకుండా.

శ్రీరామమూర్తిగారు చేతులు జోడించబోయి, డాక్టరుగారి చేతులనే పట్టుకున్నారు.

అంబులెన్స్ వచ్చేలోగా విచారణ జరిగింది. "ఇంతకీ నేనెప్పుడు పోయాను?" అని డాక్టరుగారు అడిగితే, అందరూ శ్రీరామమూర్తిగారి వైపు చూశారు. ఆయన రోజా వైపు చూశారు.

"నేనేమన్ననంకుల్? దినాం ఆరింటికి అన్న."

"అదేనమ్మా. దినం ఆరింటికి."

"దినం గాదు, దినాం. దినాం అంటే దినాం."

"రోజూ అని సార్," అన్నాడు ఉప్పలయ్య తల పట్టుకుని. "పొద్దుగాల నన్నొక్క మాట అడిగితే అయిపోతుండె గద."

"నువ్వు చొక్కా కాలుస్తూ ఏడుస్తుంటే ఏమడగనయ్యా?"

"పోనీలెండి. పోయారని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుందంటారు," అన్నారు ప్రభావతిగారు. ఆ మాటతో అందరికీ ఊపిరి వచ్చింది.

డాక్టరుగారు మాత్రం వరండాలోంచి కింద నిండిన కుర్చీలను చూస్తూ నిలబడ్డారు. "ఇంతమంది ఎందుకొచ్చారు?"

"అట్లంటరేంది సార్," అన్నాడు ఉప్పలయ్య. "నా బిడ్డ జరమొచ్చి పడుంటే వానల బండేసుకొని వచ్చిన్రు. మా రేకుల ఇంట్ల నీళ్ళల్ల కూసొని సూదిచ్చిన్రు. మీకు యాదికి లేదేమో, మాకున్నది."

రాఘవేంద్రగారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. "పొద్దున రావడం మానేస్తే ఎవరైనా గమనిస్తారా అనుకున్నాను. ఇవన్నీ మనిషి పోయాకే చెప్పుకుంటారు. నాకు ఉండగానే విననిచ్చారు," అన్నారు. తరవాత ఆ బ్యానర్ చుట్టి తన గదిలో పెట్టమన్నారు. లడ్డూ సంగతి ఇంట్లో చెప్పవద్దన్నారు, తనకు షుగరట.

"సార్, మరి వీళ్ళందరి పేర్లు రాసిన గద, ఏం జెయ్యమంటరు?" అంది రోజా.

"రాశావు కాబట్టి అందరినీ చూడాల్సిందే. ఆసుపత్రి నుంచి రాగానే మొదలుపెడదాం. ఎవరినీ వెళ్ళనీయకు."

ఆ సాయంత్రం సంతాపానికి వచ్చినవాళ్ళంతా బీపీ చూపించుకుని వెళ్ళారు. ఉప్పలయ్యకు షుగర్ ఉందని బయటపడింది. దండ రోజా టేబులు మీది వినాయకుడికి వేశారు.

కమలాకుమారికి రక్తం ఎక్కించారు, మందులు రాశారు, గుండెకు ఏ ప్రమాదమూ లేదన్నారు. ఆఖరి శుక్రవారం వ్రతం ఇంట్లోనే చేసుకుని, మొదటి వాయనం డాక్టరుగారి భార్యకు ఇచ్చి వచ్చింది. చవితికి పత్రి తెచ్చుకుని రెండంతస్తులూ ఆగకుండా ఎక్కింది. మలుపు దగ్గర ఆగింది శ్రీరామమూర్తిగారే. ఆయనకు ఆయాసమేమీ లేదు, పైకెక్కుతున్న ఆవిడను కాసేపు వెనకనుంచి చూడాలనిపించింది. మనసులో రాఘవేంద్రగారికి, రోజాకు, ఆ హారన్ కొట్టిన బస్సు డ్రైవరుకు కూడా దండం పెట్టుకున్నారు.

రోజా ఇప్పుడు ఎవరితోనూ దినాం అనడం లేదు, డైలీ అంటోంది. డాక్టరుగారు కమలాకుమారి మందులతో పాటు శ్రీరామమూర్తిగారికీ చెవుల డాక్టరు పేరు ఒకటి రాసిచ్చారు.

ఆ అపాయింట్‌మెంట్ కోసం ఫోను మాత్రం కమలాకుమారే చేసింది.