రవళి అప్పగించిన ప్రశ్న

ఇంగ్లిష్ ఎం.ఏ.లో చేరే విద్యార్థులు తమ ఇంటి అలవాటు ఒకటి విశ్వవిద్యాలయం ఏడో నంబరు కౌంటరులో అప్పగించి, బదులుగా ఇంగ్లండు అలవాటు ఒకటి తీసుకోవాలి. పరాయి సంస్కృతుల పట్ల అవగాహన పెరగడానికి ఈ ఏర్పాటు. మార్పిడి తర్వాత తమలో ఏం మారిందో ఆలోచించి వారం వారం డైరీ రాస్తే ఇరవై మార్కులు.

రవళి "తిన్నవా?" అని అడగడాన్ని అప్పగించింది. అంతకన్నా పెద్దది ఇవ్వడానికి మనసొప్పలేదు. బదులుగా వాతావరణం గురించి మాట్లాడడం వచ్చింది. రసీదు మీద ముద్ర వేస్తూ గుమాస్తా మొహియుద్దీన్, "మంచిగ ఆలోచించుకున్నవా బిడ్డా?" అన్నాడు.

ఆమె తండ్రి ఓదెలు బట్టలు కుడతాడు. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. ఒంటిగంటకు కూతురు ఫోన్ చేసి అడుగుతుందని, ఆమెతో అబద్ధమాడలేక, పన్నెండున్నరకల్లా వండుకుని తినేవాడు.

ఆ రోజు రవళి, "ఎండ మంచిగున్నది నాయినా," అంది.

"అవు బిడ్డా," అన్నాడు ఓదెలు. ఇంకేమైనా అడుగుతుందేమోనని ఫోన్ చెవి దగ్గరే పెట్టుకున్నాడు. మర్నాటి నుంచి పొయ్యి వెలిగించలేదు.

రెండు నెలల్లో అతని చొక్కాలు అతనికే వదులయ్యాయి. తనే బిగించి కుట్టుకున్నాడు. సెలవులకు వెళ్ళి చూసిన రవళి నోరు తెరిచి, "మబ్బు పట్టింది నాయినా," అని ఏడ్చింది.

తిరిగి రాగానే తన ప్రశ్న వాపసు ఇమ్మని కౌంటరులో దరఖాస్తు పెట్టింది.

"అది ఇంగ్లండుల లీడ్స్‌ల ఒక పిల్లగాని దగ్గరున్నదమ్మా," అన్నాడు మొహియుద్దీన్. "ఇంటి ఓనరమ్మను దినాం అడుగుతుండట. ఆమె పోలీసులకు చెప్పిందట. పరీక్షలయ్యేదాక వాపసు రాదు."

"మా నాయిన అప్పటిదాక ఆగడు సార్."

ఉద్యోగులకు మార్పిడి వర్తించదు కనుక మొహియుద్దీన్ ప్రశ్న అతని దగ్గరే ఉంది. "నంబరియ్యి," అన్నాడు.

మొదటిరోజు ఒంటిగంటకు ఫోన్ చేసి అడిగితే ఓదెలు తిన్నానని చెప్పాడు.

"ఏం కూర?" అన్నాడు మొహియుద్దీన్.

ఓదెలు చల్లగా ఉన్న పొయ్యి వైపు చూశాడు. మర్నాడు ఫోన్ వచ్చేసరికి బీరకాయ కూర తయారుగా ఉంది.

ఈ సంగతి డైరీలో రాసినందుకు రవళికి ఇరవైకి ఇరవై వచ్చాయి. విద్యార్థులందరూ ఇంట్లోవాళ్ళ నంబర్లు ఏడో కౌంటరులో ఇవ్వాలని సర్క్యులర్ కూడా వచ్చింది. ఇప్పుడు మొహియుద్దీన్ ఒంటిగంట నుంచి రెండింటిదాకా అరవై మందిని అడుగుతాడు. అది అతని భోజన విరామం.

"నేను తిన్న గని, మీరు తిన్నరా సారూ?" అన్నాడు ఒకనాడు ఓదెలు.

"ఇంక నలబై ఆరుగురున్నరన్నా," అన్నాడు మొహియుద్దీన్. రిజిస్టరులో ఓదెలు పేరుకు ఎదురుగా టిక్కు పెట్టి తర్వాతి నంబరు నొక్కాడు. ఆ రిజిస్టరులో అడిగేవాడికి గడి లేదు.