లిపోవో పురపాలక సంఘం వారి మనిషి ద్వారం

లిపోవో పట్టణవాసులు మనుషులా కాదా అన్నది అధికారికంగా తేల్చే పని సెప్టెంబరు నెలలో మొదలైంది. ఇప్పటికి ఏడింట ఆరు వంతుల మంది నెగ్గారు. తక్కినవారు ప్రయత్నం మానలేదు. సెర్బియా మొత్తం మీద ఇంత కచ్చితమైన లెక్క ఇంకే ఊరి దగ్గరా లేదని మా అధ్యక్షులు రాదివోయె గారు సెలవిచ్చారు.

ఈ ఘనతకు మూలపురుషుడు మా పక్కింటి స్వెతోలిక్. నలభై ఏళ్ళు వాషింగ్ మెషీన్లు బాగుచేసి, పింఛను తీసుకున్నాక చిన్నప్పుడు చూసిన ఓ అంతరిక్ష సినిమాలోని ద్వారాన్ని ఇంట్లో తయారుచేశాడు. ఆ సినిమాలో యంత్రాలు మనుషుల వేషంలో తిరుగుతుంటాయి. ద్వారం కింద నిలబడితే మనిషికి పచ్చదీపం, యంత్రానికి ఎర్రదీపం. స్వెతోలిక్ పాత మంచం ఇనుముతో కమాను వంచాడు. మెరిసే తెర కోసం స్నానాలగది పరదా తగిలించాడు. దీపాలు మార్చడానికి వాషింగ్ మెషీన్ టైమరు బిగించాడు. కింది పలక మీద కాలు పెడితే టైమరు ఒక మెట్టు కదులుతుంది. ఆరుసార్లు పచ్చ, ఏడోసారి ఎరుపు.

అక్టోబరు మొదటి శనివారం నోవీ సాద్ నగరంలో, సినిమాల్లోని వస్తువులు ఇంట్లో తయారుచేసే పిచ్చివాళ్ళ పోటీ ఉంది. రెండేళ్ళు చేసిన కష్టమంతా దానికోసమే. "బహుమతి రాకపోతే పోయిందిరా, నాలాంటివాళ్ళు నలుగురు చూసి బాగుందంటే చాలు" అనేవాడు నాతో. జన్మలో ఆయన్ని ఎవరూ దేనికీ బాగుందని అనలేదు.

ఈలోగా పురపాలక సంఘంలో మూడో కిటికీ గుమాస్తా స్తామెంకాకు మెడ పట్టేసింది. ముందు తలుపుకీ వెనక తలుపుకీ మధ్య గాలి కొట్టింది. అలాంటి గాలి తగిలితే మనిషికి ఏమేం రోగాలు వస్తాయో మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. వెనక తలుపుకు మేకులు కొట్టించారు, చాల్లేదు. ఆవిడ స్వెతోలిక్ పరదా సంగతి విని, "రెండ్రోజులు ఇవ్వు బాబాయ్, పుణ్యముంటుంది" అంది. మెడనొప్పి మాట వచ్చాక కాదనే కసాయివాడు మా ఊళ్ళో లేడు. ద్వారం వరండాలో నిలబడింది. గాలి ఆగింది.

మొదటిరోజే ఏడోవాడికి ఎర్రదీపం వెలిగింది. ఎరుపు చూస్తే ఆగాలని బడిలో చదువుకున్నవాడు కాబట్టి వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. తర్వాతి ఎరుపు కూడా అంతే. వారం తిరిగేసరికి మూడో కిటికీ దగ్గర పని తగ్గింది. ఈ మేలు గమనించిన అధ్యక్షులు రిబ్బను కత్తిరించి ప్రసంగించారు.

"సోదరీ సోదరులారా! ఇంతకాలం ఎవరు పడితే వారు మనుషులమని చెప్పుకుని లోపలికి వచ్చేవారు. ఇకపై ఆ అవ్యవస్థ చెల్లదు!"

అందరం చప్పట్లు కొట్టాం. పచ్చవారికి ధ్రువపత్రం, ఎర్రవారు మరుసటి పనిదినాన మళ్ళీ రావాలి.

స్వెతోలిక్ పరుగెత్తుకొచ్చాడు. "స్తామెంకా, అది వాషింగ్ మెషీన్ టైమరమ్మా! బట్టలు పిండేది!"

"ఉండొచ్చు బాబాయ్. కానీ జాబితాలో ద్వారమని ఎక్కించేశాం. వాపసు కావాలంటే అర్జీ పెట్టుకో."

అర్జీ మూడో కిటికీలో ఇవ్వాలి. మూడో కిటికీ ద్వారానికి అవతల ఉంది.

ఊరు చురుకైనది. నాలుగు రోజుల్లో లెక్క పట్టేసింది. పూర్వం వరసలోకి వచ్చేవాళ్ళు "చివర ఎవరు?" అని అడిగేవారు. ఇప్పుడు "ఎన్నో నంబరు నడుస్తోంది?" అంటున్నారు. ఏడో స్థానంలో ఎవరూ నిలబడరు. అక్కడికి పొరుగూరివాళ్ళనీ, చెవుడున్న ముసలివాళ్ళనీ మర్యాదగా "ముందుకు దయచేయండి" అని పంపుతారు. మా ఊళ్ళో మర్యాద ఇంతగా ఎన్నడూ పెరగలేదు.

స్వెతోలిక్ మాత్రం "నా చేత్తో చేసిన అబద్ధానికి నేనెందుకు లెక్క పెట్టాలి?" అని మొండికేశాడు. జనం ఆయన్ని మూడుసార్లు ముందుకు దయచేయించారు. మూడుసార్లూ ఎరుపే.

శుక్రవారం వచ్చింది. తెల్లారితే పోటీ. ఆ రోజు ఆయన మొదటిసారి లెక్కపెట్టుకుని ఆరో స్థానంలో నిలబడ్డాడు. చేతిలో అర్జీ, బయట అద్దెకు తెచ్చిన లారీ. ఆయన వెనక నేను. బాల్కనీకి అద్దాలు బిగించుకోవడానికి నాకు అనుమతి కావాలి.

"ఏడోవాడివిరా నువ్వు. వెనక్కి జరుగు."

"వెనక ఎవరూ లేరన్నా."

"అయితే సోమవారం రా. నీ బాల్కనీ ఎక్కడికీ పారిపోదు" అని నవ్వాడు. ఎన్నాళ్ళకో నవ్వాడు.

అప్పుడు అధ్యక్షులవారి బావమరిది వచ్చాడు. "నేను ఒక్క మాట అడిగి పోతా, అంతే" అంటూ అందరికంటే ముందు నిలబడ్డాడు. ఒక్క మాట అడిగేవాళ్ళను ఆపే ఆచారం మాకు లేదు.

"ఏయ్! వరస కనబడట్లేదా?" అని అరిచాడు స్వెతోలిక్.

"నేను పొద్దున్నే వచ్చి చెప్పి వెళ్ళాను పెద్దాయనా. కావాలంటే వీళ్ళనడుగు."

ముందున్న ఐదుగురూ మనసులో ఒకటి కలుపుకున్నారు. రెండు నుంచి ఆరు దాకా. అన్నీ పచ్చే. అందరూ పైకప్పు చూశారు. స్వెతోలిక్ నా వైపు తిరిగాడు.

"నువ్వైనా చెప్పరా. వాడు పొద్దున్న రాలేదని."

వాడు రాలేదు. తలుపు తీసినప్పటి నుంచీ నేనక్కడే ఉన్నాను. నేనూ మనసులో ఒకటి కలుపుకున్నాను. ఎనిమిది, మళ్ళీ పచ్చ. బాల్కనీ కాగితాలు మొదటి పేజీ నుంచి శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను.

ఆయనకు ఎర్రదీపం వెలిగింది. పరదా మడత ఒకటి సర్ది, లారీవాడికి అవసరం లేదని చెప్పడానికి బయటికి నడిచాడు.

నాకు పచ్చ. ధ్రువపత్రం చాలా బాగుంది. అర్జీదారుడు మనిషేనని రాసి, గుండ్రటి ముద్ర వేసి ఇచ్చారు. పటం కట్టించి బాల్కనీలో, స్వెతోలిక్ ఇంటికి ఆనుకున్న గోడకు వేలాడదీశాను. మీ ఊళ్ళోనూ ఇలాంటి ద్వారం పెడితే కంగారుపడకండి. ఏడోవాడు ఎవరో చూసుకుని నోరు మెదపకుండా నిలబడితే చాలు, మీకూ ఇస్తారు.