చందూలాల్ పట్టిన విమానం దొంగ

ఆ సోమవారం పొద్దున చందూలాల్ పెట్టుకున్న పనులు రెండే. కల్లంలో ఆరబోసిన మిర్చిని ఒకసారి తిరగేయడం, ఆ తర్వాత మోకాలికి నూనె రాసుకుని మంచమెక్కడం. ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. కుడికాలిలో రాడ్డు ఉంది కనుక ఆ కాలు సరిగా మడవదు. భార్య చాంది జూలూరుపాడు దగ్గరి ఆ తండాలోనే అంగన్‌వాడీ టీచరు. ఆమె పనికి వెళ్ళిన కాసేపటికే ఇంట్లో ఫోను మోగింది.

"చందూలాల్ గారా? విమానం కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం సార్. మీకు డబ్బులు పంపాలి. బ్యాంకు అకౌంటు నంబరు చెప్తారా?"

చందూలాల్ గుండె సంతోషంతో గంతేసింది, డబ్బులొస్తున్నాయని కాదు, దొంగ దొరికాడని. కిందటి వారమే తండాకు ఎస్సై వచ్చి మీటింగు పెట్టాడు. "ఫోన్ చేసి పైసలిస్తమన్నోడు ఎవడైనా సరే, నమ్మకుండ్రి. ఆధార్ అడిగితే ఇయ్యకుండ్రి" అని గట్టిగా చెప్పి వెళ్ళాడు.

కంపెనీ డబ్బులివ్వాల్సిన మాట మాత్రం నిజమే. నాలుగు నెలల కింద మొగుడూ పెళ్ళాలిద్దరూ ఢిల్లీలో నర్సుగా పనిచేస్తున్న కూతురు సోని దగ్గరికి విమానంలో వెళ్ళారు. మొగుడు కాలు చాపుకుంటాడని చాంది అదనంగా సొమ్ము కట్టి అతనికి ముందు వరుసలో పెద్ద సీటు తీసుకుంది. తీరా ఎక్కబోతే ఆ సీటు ఇంకెవరికో ఇచ్చేశారు. చందూలాల్ రెండు గంటలకు పైగా చివరి వరుసలో, కాలు దారిలోకి చాపుకుని, టీ బండి వచ్చినప్పుడల్లా దెబ్బ తింటూ ప్రయాణం చేశాడు. చాంది ఎన్ని ఉత్తరాలు రాసినా కంపెనీ పలకలేదు. చివరికి వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసింది. గురువారం వాయిదా.

"ఉత్తరాలు రాస్తే పలకనోళ్ళు పిలిచి పైసలిస్తరా? ఎవలికి చెప్తున్నవ్?" అని చందూలాల్ ఫోను పెట్టేసి ఆ నంబరును బ్లాకు చేశాడు. ఇంకో నంబరు నుంచి వచ్చింది. దాన్నీ బ్లాకు చేశాడు. మూడోసారి మోగేసరికి అతనికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"ఫోన్ల ఇస్తే మాకు నమ్మకముండదు సార్. మీరే ఇంటికొచ్చి ఇయ్యుండ్రి. చాయ్ తాగి పోవచ్చు" అన్నాడు తేనె పూసిన గొంతుతో.

ఈ సంగతి చాందికి చెప్పలేదు. చెప్తే దొంగను పట్టిన పేరు ఆమెకే పోతుంది.

మర్నాడు చాంది పనికి వెళ్ళాక ఇంటి ముందు కారు ఆగింది. టై కట్టుకున్న ఒకాయన నల్లబ్యాగుతో దిగాడు. చందూలాల్, అతని బావమరిది రూప్‌సింగ్ చెరో కర్ర పట్టుకుని ఎదురెళ్ళారు.

"కంపెనీ నుంచి వచ్చాను సార్. ఇక్కడొక సంతకం పెట్టి, ఆధార్ జిరాక్సు ఇస్తే..."

"ఆధార్ అడుగుతుండు బావా! ఎస్సై చెప్పినట్టే ఉంది!" అని రూప్‌సింగ్ కేక పెట్టాడు.

మరుక్షణం టై మనిషి మిర్చి బస్తాలున్న గదిలో ఉన్నాడు. అతని ఫోను రూప్‌సింగ్ జేబులో ఉంది. తలుపుకు బయట గడియ పడింది.

"నేను నిజంగా... హాచ్... కంపెనీ మేనేజర్ని... హాచ్!"

"చూడు బావా, తుమ్ముకుంట గూడ అబద్ధాలే ఆడుతుండు!"

చందూలాల్ ఆనందం పట్టలేక ఎస్సైకి ఫోన్ చేశాడు. "సార్, దొంగను పట్టిన! నేను చందూలాల్‌ను!"

"అవ్, నీ పేరు ఇప్పుడే విన్న. విమానం ఆఫీసర్‌ను చందూలాల్ అనేటోడు బంధించిండని ఆయన కారు డ్రైవర్ ఫోన్ జేసి చెప్పిండు. కదలకు. వస్తున్న."

చందూలాల్ గబగబా ఫోను పెట్టేశాడు. ఈలోగా కబురంది చాంది పరుగున వచ్చింది. టై మనిషి చేతిలోంచి వాకిట్లో జారిపడ్డ కాగితం తీసి చదివింది.

"ఏమయ్యా, గిది మన కేసు నంబరే! రాజీకొచ్చిన మనిషిని పట్టుకుని గిట్ల జేస్తవా? నాలుగు నెలల కష్టం గంగల కలిపినవ్ గదా!"

గడియ తీసేసరికి ఆఫీసరు కళ్ళు మిర్చికి పోటీగా ఎర్రబడి ఉన్నాయి. చాంది బిందెడు నీళ్ళు తెచ్చి అతని ముఖం కడిగించింది. కుర్చీ వేసింది. మొగుడి కర్ర లాక్కుని అవతల పారేసింది. అంతలో జీపు వచ్చింది.

"కేసు పెడతారా సార్?" అని ఎస్సై ఆఫీసర్‌ను అడిగాడు.

చందూలాల్ రూప్‌సింగ్ వెనక్కి జరిగాడు. చాంది మాత్రం ముందుకొచ్చింది. "సార్, సీటు ఇయ్యకపోవుడు మీ తప్పు. మిమ్మల్ని బంధించుడు మా తప్పు. మాకు రావాల్సింది మాకియ్యుండ్రి. మీకేం కావాల్నో మీరడుగుండ్రి. దానికీ దీనికీ ముడిపెట్టకుండ్రి."

ఆఫీసరు ఆలోచించాడు. రెండుసార్లు తుమ్మాడు. "సీటు డబ్బు, దాని మీద నష్టపరిహారం, కంపెనీ తరఫున క్షమాపణ, అన్నీ ఆ కాగితంలోనే ఉన్నాయి మేడమ్. నా తరఫున కేసేమీ వద్దు. కానీ సారు నాకొక క్షమాపణ పత్రం రాసివ్వాలి."

"సీటు పోగొట్టుకున్నది నేనైతే నేనే రాయాల్నా?" అని చందూలాల్ గొణిగాడు.

ఎస్సై అతనివైపు తిరిగాడు.

"రాస్త సార్, రాస్త. జల్దీ రాస్త."

చాంది కాగితం, పెన్ను తెచ్చి పెట్టింది. అందరూ అతని చేతివైపే చూస్తున్నారు. అంత హడావిడిలో ఆఫీసరు పేరేమిటో అతను అడగనేలేదు, ఇప్పుడు అడగడానికి మొహం చెల్లలేదు.

చందూలాల్ కాసేపు పెన్ను నమిలి, గుండ్రటి అక్షరాలతో మొదలుపెట్టాడు: "గౌరవనీయులైన దొంగగారికి..."