మహిళా గోల్ఫ్ ఎంపిక సంఘం, హిద్ క్యాంపు

బహ్రెయిన్‌లోని హిద్ పట్నంలో, ఓడల మరమ్మతు యార్డుకు దగ్గరగా ఉన్న మా లేబర్ క్యాంపులో, మహిళా గోల్ఫ్ క్రీడాకారిణుల ఎంపిక సంఘం దిగ్విజయంగా పనిచేస్తున్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. సభ్యులందరూ మగవాళ్ళే. గోల్ఫ్ ఎవరికీ రాదు. ఈ రెండు అర్హతలూ ఉన్నవాళ్ళు ఒక్క మా గదిలోనే ఎనిమిదిమంది దొరకడం క్రీడాలోకం చేసుకున్న పుణ్యం.

ఇంతకుముందు క్రికెట్ మీద పందేలు కాసేవాళ్ళం. తెలిసిన ఆట కాబట్టి ప్రతివాడూ మాట్లాడేవాడు, ఒకసారి పప్పు గిన్నె గోడకు తగిలింది. శాంతిభద్రతల దృష్ట్యా ఎవరికీ తెలియని ఆటకు మారాం. మగవాళ్ళ గోల్ఫ్ ఎందుకు కాదని ఒకాయన సందేహం లేవదీశాడు. మగవాణ్ణి అంచనా వేయాలంటే వాడి ఆట తెలియాలి. ఆడదాని మంచిచెడ్డలు తేల్చడానికి ఏమీ తెలియనక్కర్లేదు, ఆ విద్య మాకు ఉగ్గుపాలతోనే పట్టారు. డబ్బుతో పందెం ఈ దేశంలో నేరం, మేమా చట్టానికి తలవంచేవాళ్ళం. అందుకని బాత్రూములు కడిగే వంతులు కాస్తాం. పక్కగది నేపాలీ భాయ్‌లు మా ప్రత్యర్థులు.

అధ్యక్షుడు దేవేందర్ జగిత్యాల వైపు మనిషి, యార్డులో ఓడలకు తుప్పు గీకుతాడు. సాంకేతిక నిపుణుడు పరమేశ్ ఒకప్పుడు ఇక్కడి గోల్ఫ్ మైదానంలో కొన్నాళ్ళు గడ్డికి నీళ్ళు పట్టాడు. ఈ ఆటలో తక్కువ దెబ్బలు కొట్టినవాళ్ళే గెలుస్తారని ఆయన చెబితే సంఘం ఓ పట్టాన నమ్మలేదు. ఎక్కువ కొట్టినవాడిదే గెలుపుగా నడిచిన ఇళ్ళల్లో పెరిగాం మరి. భీమవరం సమూయేలు గారు పందెం పాపమని ఎడంగా కూర్చుంటారు. అయినా ఏ పిల్ల ముఖంలో దేవుని కృప ఉందో అడక్కుండానే చెబుతారు.

మొన్నటి పోటీకి ఎంపిక ఎలా జరిగిందో వివరిస్తాను, పనికొస్తుంది వినండి. ఫోనులో ఫోటోలు పెట్టుకుని పెళ్ళిచూపులకు పోయినట్టే చూశాం. స్వీడన్ పొడుగు పిల్ల బంతి గుంటలో పడకపోయినా పకపకా నవ్వింది. తప్పుచేసి నవ్వేదానికి నిలకడ ఉండదని తీసేశాం. జపాన్ ఆమెకు ముప్పై దాటినా పెళ్ళి కాలేదు. ఏ లోపమూ లేకుండా ఎందుకు ఆగిపోతుంది? తీసేశాం. ఆస్ట్రేలియా ఆమె ఈమధ్య వరుసగా గెలుస్తోంది, కాని చంటిపిల్లను తల్లి దగ్గర వదిలి దేశాలు తిరుగుతోంది. బిడ్డ మీదే ధ్యాస లేనిదానికి బంతి మీద ఏం ఉంటుందని పరమేశ్ సాంకేతికంగా తోసిపుచ్చాడు. చివరికి కొరియా పిల్ల కుదిరింది. తల ఎత్తదు, పల్లెత్తు మాట అనదు. వెనకాల తండ్రి కర్రల సంచి మోస్తూ నడుస్తాడు. ఇంతకంటే మంచి సంబంధం ఎక్కడ దొరుకుతుంది!

సరిగ్గా అప్పుడే దేవేందర్ భార్య జమున ఊరినుంచి ఫోన్ చేసింది. వాళ్ళ బిడ్డ శిరీష పరుగుపందెంలో రాష్ట్రానికే మొదటొచ్చిందట. హైదరాబాదులో ఆటల హాస్టల్లో సీటు ఇచ్చారట. సోమవారంలోగా చేరకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. బాపు ఒక్కమాట 'ఊ' అంటే పొద్దున్నే బస్సెక్కుతామని పిల్ల తల్లి పక్కనే కాచుకుని ఉంది. సభ నడుస్తోందని, కాసేపు లైన్లో ఉండమని దేవేందర్ ఫోను పరుపు మీద పెట్టి, కొరియా తండ్రి గురించి అధ్యక్షోపన్యాసం చేశాడు.

"గా తండ్రిని చూడుర్రి. బిడ్డ ఆట కోసం భూమి అమ్మిండట, నౌకరి ఇడిసిండట. గిప్పుడు సంచి మోస్తుండు. తండ్రంటే గట్లుండాలె. గసొంటి తండ్రుంటే ఏ బిడ్డయినా గెలుస్తది."

ఆయన కళ్ళు చెమర్చాయి. మావీ చెమర్చాయి. చప్పట్లు ఆగాక, జమున పంపిన శిరీష ఫోటో సభ ముందుకు వచ్చింది. పతకం పట్టుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. స్వీడన్ పిల్లకు పెట్టిన నియమమే ఈమెకూ పెట్టాం, సంఘానికి స్వపర భేదం లేదు. దేవేందర్ ఫోను అందుకున్నాడు.

"నెక్కరేస్కొని ఉరికితే రేపు నిన్నెవడు చేస్కుంటడు బిడ్డా? ఇంటికాడ ఉండు."

ఉపన్యాసమంతా విన్న పిల్ల అవతల ఫోను తల్లి చేతికిచ్చేసింది. నాకు ఒకమాట అడ్డుచెప్పాలనిపించింది, కాని సభామర్యాద కాపాడుకున్నాను.

ఫలితం మీరు ఊహించే ఉంటారు. కొరియా పిల్ల రెండోరోజే ఇంటిదారి పట్టింది. ఆస్ట్రేలియా తల్లి గెలిచి, కప్పును ఒక చంకనా బిడ్డను ఒక చంకనా ఎత్తుకుంది. నేపాలీలు ఆమెనే కోరుకున్నారు. ఎలా కనిపెట్టారని అడిగితే, బాగా ఆడుతోంది కాబట్టి అన్నారు. ఆటను చూసి ఆటగత్తెను ఎంచుకోవడం ధర్మం కాదని నిరసన తెలియజేసి, చీపుర్లు పట్టుకున్నాం.

మంగళవారం జమున మళ్ళీ ఫోన్ చేసింది. దేవేందర్ చేతులు సబ్బునురగలో ఉన్నందున స్పీకరు పెట్టాడు.

"నిన్ను అడుగుడు అయిపోయింది. నేనే తోల్కపోయి చేర్పించిన. పొద్దుగాల నుంచి మైదానంలనే ఉన్నది బిడ్డ. నువ్వు నీ పని చేస్కో."

వెంటనే అత్యవసర సమావేశం జరిగింది. నెల తిరక్కుండా పిల్ల ఏడుస్తూ ఇల్లు చేరుతుందని అధ్యక్షుడు స్వయంగా పందెం ప్రకటించి, ఏసీ గాలి తగిలే తన కింది మంచాన్నే ఒడ్డాడు. ఏళ్ళ తరబడి పైమంచాలెక్కి సాధించుకున్న మంచం అది. సంఘమంతా ఆయన వైపే కాసింది. పందెం పాపమని సమూయేలు గారు కూడా ఈసారి అనలేదు. నేపాలీలను పిలిస్తే, ఆ అమ్మాయి ఎంత వేగంగా పరుగెత్తుతుందని అడిగారు. సంఘంలో ఎవరికీ తెలియదు. తండ్రికీ తెలియదు. తెలియని ఆట మీద తాము కాయమని వాళ్ళు వెళ్ళిపోయారు.

పందెమన్నాక అవతలి పక్కన ఒక మనిషైనా ఉండాలి కదా! అందుకే ఈ ప్రకటన. శిరీష అక్కడ నిలబడుతుందని కాయడానికి ఒక్కరు కావాలి. ఇంట్లో ఆడపిల్లలున్న తెలుగువారికి ప్రాధాన్యం. ఇంతవరకు చాలామంది పెద్దమనుషులు దయచేశారు. అందరూ మా పక్కనే కూర్చున్నారు. చోటు ఇరుకైంది గాని, మీరు రండి, మీకోసం కూడా కాస్త జరిగాం.