ఛీ అన్నవాళ్లకే నీళ్లు

ఒక పెద్ద అడవిలో నీళ్లు తక్కువ, నీతి ఎక్కువ. ఆ ఎండాకాలం మిగిలింది ఒకే ఒక్క మడుగు. అందులో ఎవరు తాగాలో తేల్చేది నీతి సంఘం. దాని అధ్యక్షుడు ఉడుము.

సంఘం పద్ధతి సులువు. ఆరోపణ వినగానే అందరూ ఒక్క గొంతుతో "ఛీ!" అనాలి. ఛీ అనకుండా ప్రశ్న అడిగితే వాళ్లూ దోషులే. వాళ్లకీ నీళ్లు బంద్.

ఓ పొద్దున నెమలి ఏడుస్తూ వచ్చింది. "నా గుడ్లన్నీ ఎవరో తినేశారు!"

"ఎవరో ఏంటమ్మా, ముళ్లపందే!" అంది ఉడుము, మూతికంటిన పచ్చసొన నాక్కుంటూ. "ఊఁ, కానివ్వండి."

"ఛీ!" అంది సభ. అందరికంటే ముందు అరిచిన అడవిదున్న పక్కకి తిరిగి, "ఇంతకీ ఎవర్నంట?" అంది.

ముళ్లపంది ముందుకొచ్చి దణ్ణం పెట్టింది. "అయ్యా, దుంపలు తవ్వుకు తినేదాన్ని. కడుపుతో ఉన్నాను. నీళ్లాపితే చచ్చిపోతాను."

కుందేలు లేచింది. "అక్క తినడం ఎవరు చూశారు అధ్యక్షా?"

"చూడాలా? ఆ తల్లి ఏడుపు వినపడట్లేదూ? గుండె లేదా నీకు?"

"ఉంది. దాని పైన బుర్ర కూడా ఉంది."

"ఛీ!" అంది సభ. ఇద్దరికీ నీళ్లు బంద్.

అధ్యక్ష పదవి మీద ఎప్పట్నుంచో కన్నేసిన కోతికి ఇదంతా భలే నచ్చింది. గబుక్కున లేచి, "అధ్యక్షులవారు మడుగులో ఉమ్మేశారట!" అంది.

"నేనా? ఎవడ్రా చూసింది?" అంది ఉడుము.

సభ గుడ్లు తేలేసింది. అధ్యక్షుడు ప్రశ్న అడిగాడు!

"ఛీ!"

కోతి అధ్యక్షుడైపోయింది. "పాత శిక్షలు మాఫీ! ఉడుముని ఒక్క ఛీ అనండి, వెళ్లి తాగండి."

"ఛీ! ఛీ! ఛీ!" అని గొంతు చించుకుంది ముళ్లపంది.

కుందేలు మాత్రం, "గుడ్లు తిన్నది ఇతనే, మూతి చూడండి. దానికి ఎన్ని ఛీలైనా అంటాను. కానీ ఉమ్మడం ఎవరు చూశారు?" అంది.

"గుడ్ల సంగతి అప్పుడే తేల్చేశాంగా!" అని విసుక్కుంది దున్న. "మళ్లీ మొదలెట్టింది రా బాబూ!"

"నువ్వైనా చెప్పక్కా," అంది కుందేలు.

ముళ్లపంది మడుగులోంచి తల ఎత్తలేదు.

నీతి: ఆలోచించాలనిపిస్తే ముందు కడుపునిండా నీళ్లు తాగేయండి, తర్వాత ఎవరూ తాగనివ్వరు.