మొదటి పళ్లెం

ఆ ఉదయం పెద్ద వంటవాడి పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం పదిమంది ముందు ఒక పళ్లెం సూప్ తిని, నవ్వుమొహం పెట్టి, పని కాగానే ఇంటికి పోయి పడుకోవడం. ఆ చెప్పుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో మొదటి పళ్లెం వంటవాడే, వరసలో నిలబడ్డ అందరి ఎదుటా తినాలి. ఎప్పుడో కూర పాడై సగం ఫ్యాక్టరీ మంచాన పడ్డప్పుడు పెట్టుకున్న కట్టుబాటు అది. ఆయన తిని తల ఊపితేనే మిగతావాళ్లు గరిటె వైపు చూస్తారు.

చిక్కల్లా కొత్తగా మొదలుపెట్టిన మాత్రతోనే. నెలల తరబడి దిగులు మనిషిని పీల్చి పిప్పి చేస్తుంటే, అక్క చూడలేక డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. మొదట్లో కడుపులో తిప్పుతుంది, నోరెండుతుంది, ఆవలింతలొస్తాయి, చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, నన్నడక్కుండా మాత్రం మానేయొద్దు అని డాక్టరు చెప్పాడు. దిగులు తగ్గించాల్సిన మాత్ర ముందు ఆకలి తగ్గించింది. ఈ సంగతి ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియకూడదు. మనసుకు మందు తినేవాడి చేతికి కత్తి, పొయ్యి ఎవరిస్తారని ఆయన భయం.

గంట మోగింది. ఆ రోజు సూప్ వండింది పిన్ని. కూరలు తరిగే పెద్దావిడ, అందరికీ పిన్నే. ఆవిరి ముక్కుకు తగలగానే ఆయనకు పేగులు నోట్లోకొచ్చినట్టయింది. చెంచా ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు. చివరికి ఓ పెద్ద ఆవలింత తీసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక తలుపులోంచి పరుగెత్తాడు.

వరస ముందున్నవాళ్లు చూసింది అంతే. ఆ కబురు వరస మధ్యకొచ్చేసరికి ఆయన కక్కుకున్నాడు, చివరికి చేరేసరికి స్పృహ తప్పాడు. గేటు కాపలాదారు అంబులెన్సుకు దారి ఖాళీ చేయించడం మొదలుపెట్టాడు. పొద్దున క్యాంటీన్‌లో టీ తాగిన ఇద్దరికి కడుపునొప్పి పట్టుకుంది. ఇంటినుంచి డబ్బా తెచ్చుకున్న ఫోర్‌మన్‌కీ పట్టుకుంది. నలుగురితో నారాయణా అనడం ఆయన అలవాటు.

పెద్ద వంటవాడు మొహం కడుక్కుని తిరిగొచ్చేసరికి మేనేజరు గంగాళం ముందున్నాడు. సూప్ మొత్తం పారబోయమన్నాడు. పిన్నిని ఏప్రన్ విప్పేసి వెళ్లమన్నాడు, రేపట్నుంచి రానక్కర్లేదన్నాడు. పిన్ని ఏడవలేదు.

"చేతులు కడుక్కునే వండాను బాబూ," అని మాత్రం అంది, ఆ చేతులు అందరికీ చూపిస్తూ.

పెద్ద వంటవాడికి సిగ్గేసింది. తన గుట్టు దాచుకోవడానికి పిన్ని నోటికాడి కూడు పోవాలా?

"సూప్‌లో ఏం లేదు సార్," అన్నాడు. ఎండిన నోట్లో నాలుక అంటుకుపోతోంది. "తేడా నా కడుపులో ఉంది. దిగులుకి మాత్రలు వేసుకుంటున్నా. కొత్త కదా, తిప్పుతోంది. కావాలంటే నన్ను తీసెయ్యండి, పిన్నినేం అనకండి."

ఫోర్‌మన్ పొట్ట మీంచి చెయ్యి తీసేశాడు. వరసలో మొదట ఉన్న కుట్టుమిషనతను దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఆ డాక్టరు సాయంత్రాలుంటాడా అన్నా?"

అతని వెనకున్నాయన, తనకోసం కాదు బావమరిది కోసం అంటూ, చెవి అటే వేశాడు.

ఈయన్ని తీసేస్తే రేపు పొయ్యి ఎవరు వెలిగిస్తారో మేనేజరుకి తోచలేదు. నువ్వు వండు చాలు, తినడం సంగతి తర్వాత చూద్దాం అన్నాడు.

"మరి ఇవాళ మొదటి పళ్లెం?" అంది పిన్ని, ఏప్రన్ మళ్లీ కట్టుకుంటూ. "అనుమానం తమరిదే కదా బాబూ."

వరస వరసంతా మేనేజరు వైపు తిరిగింది. రోజూ పై అంతస్తులో వేరే భోజనం చేసే ఆయన, తప్పక చెంచా పట్టుకున్నాడు. మింగాడు, కాసేపు ఆలోచించాడు, తల ఊపాడు. జనం గరిటె వైపు కదిలారు. పెద్ద వంటవాడికి ఎన్నాళ్ల తర్వాతో నవ్వొచ్చింది. మాత్ర గుణం అనుకోవడానికి ఇంకా తొందరే.

ఆయన కడుపు కుదుటపడేదాకా మొదటి పళ్లెం మేనేజరే తినాలని ఖాయమైంది. వంటగది ఏళ్లుగా అడుగుతున్న మంచి నూనె మర్నాడే వచ్చింది.